పళ్ళివాసల్ వీధిలో నేను గీసిన తప్పు గీత

మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఆ మధ్య మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ, "మేడమ్, సర్వేయరు ఉద్యోగంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఏమిటి?" అని అడిగారు. కాఫీ చల్లారేలోపు చెప్పగలిగే సంగతి కాదు అది. రాసి ఇస్తానన్నాను. యంత్రాలు ఎలా వాడాలో ట్రైనింగులో చెబుతారు. ఎవరికి ఎప్పుడు ప్రమోషను వస్తుందో ఆఫీసులో అందరూ చెబుతారు. ఆ రెండూ ఇక్కడ ఉండవు. నేను చేసిన ఒక తప్పు, దానివల్ల ఒక వీధికి జరిగిన అన్యాయం, అది సరిచేయబోతే నాకు అడ్డం వచ్చిన మనుషులు, ఇవి మాత్రమే ఉంటాయి. రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మంటను దాచుకుని రాయడం నాకు చేతకాదు.

నా పేరు సత్యవతి. మాది యానాం. ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వం పుదుచ్చేరీలో ఉంది కాబట్టి ఇరవై మూడేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చాను. ఇందిరా నగర్‌లో అద్దెకు దిగాను. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగ విరమణ అన్నీ ఇక్కడే అయిపోయాయి. సొంత ఊరికి వెళ్ళాలంటే మాత్రం ఇప్పటికీ రైలూ బస్సూ కలిపి ఒక రాత్రీ ఒక పగలూ. ఈ దూరం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

రాయి కింద బొగ్గు

నాకు పని నేర్పినది గోవిందరాజులు గారు. ఇక్కడి పాత తెలుగు వ్యాపారుల కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేరు. రికార్డులో తమిళమూ ఇంగ్లీషూ మాత్రం కళ్ళు మూసుకుని చదివేవారు.

నేను చేరిన కొత్తలో ఆయన నన్ను కిరుమాంబాక్కం దగ్గర ఒక చేనికి తీసుకెళ్ళారు. ఇద్దరు రైతులకు హద్దు తగాదా. గట్టు మీద హద్దు రాయి నిటారుగా ఉంది. నేను గబగబా వెళ్ళి దాని మీద టేపు కొస పెట్టాను. ఆయన నవ్వారు.

"ఏందమ్మా, రాయిని చూడంగానే మొక్కేస్తావా? దాన్ని ఈడ నాటింది ఎవురో అడిగినావా?"

"సార్, మీద గుర్తు ఉంది కదా."

"గుర్తు రాయి మీద ఉంటాది. రాయి యాడికైనా పోతాది. ఊళ్ళో ముసలోళ్ళని అడుగు, ఆ మీదట తవ్వు."

పక్క పొలంలో కలుపు తీస్తున్న ఒక ముసలావిడను అడిగితే, నాలుగడుగుల అవతల ఒక చోటు చూపించింది. మోకాలి లోతు తవ్వగానే నల్లగా బొగ్గు కనిపించింది. పాతకాలంలో హద్దు రాయి పాతేటప్పుడు అడుగున బొగ్గు వేసేవారు. రాయిని దొంగ పీకగలడు, నాగలి లాగగలదు. నేలలో ఉన్న బొగ్గు మాత్రం కుళ్ళదు, కదలదు. ఆ రోజు ఆయన నాతో రాయించిన మొదటి నోటు అది. రాసుకున్నాను, కానీ ఇరవై ఏళ్ళ తర్వాత నాకు అవసరమైన రోజున ఆ నోటు తీసి చూడలేదు.

రెండు ఫిర్యాదులు, ఒక అధికారి

గోవిందరాజులు గారు రిటైరైన చాలాకాలానికి మాకు ఇంకో అధికారి వచ్చారు. ఆయన పేరు ఇక్కడ చెప్పను. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లల చదువుల గురించి అడిగేవారు, ఎవరికైనా జబ్బు చేస్తే సెలవు ఇచ్చేవారు. కానీ ఫోను మోగితే చాలు, మనిషి మారిపోయేవారు.

ఆయన వచ్చిన ఏడాది రెండు ఫిర్యాదులు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటిది, ఒక మలుపు దగ్గర చిన్న గుడి మెట్లు రోడ్డు మీదికి వచ్చాయని ఒక స్కూలు బస్సు డ్రైవరు రాసిన ఉత్తరం. నేను టేపు తీసుకుని బయలుదేరుతుంటే అధికారి పిలిచి, "సత్యవతి, అది భక్తుల మనసుకు సంబంధించిన విషయం, కొలవకండి, ఫైలు మూసేయండి" అన్నారు. మూసేశాను.

రెండోది నెల్లితోపు వైపు ఒక వీధిలో ఉన్న మసీదు గురించి. మసీదు ముందున్న రేకుల షెడ్డు రోడ్డు పోరంబోకులో ఉందని, ఆ వీధి నివాసుల సంఘం కార్యదర్శి రాశాడు. అధికారి ఆ ఫైలు తానే స్వయంగా తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"రేపు సాయంత్రానికి స్కెచ్ కావాలి. పైనుంచి ఫోన్లు వస్తున్నాయి."

అది భక్తుల మనసుకు సంబంధించిన విషయం కాదా అని నేను అడగలేదు. అడగాలని తోచిన మాట మాత్రం నిజం. తోచడం వేరు, అడగడం వేరు. గుడి మెట్లు పడగొట్టాలని నేను అనడం లేదు. రెండు చోట్లా ఒకే టేపు పెట్టాలంటున్నాను. ఒక చోట టేపు చుట్టి సంచిలో పెట్టమని, ఇంకో చోట పరుగున వెళ్ళి పరవమని చెప్పే మనిషి కొలత అడగడం లేదు. జవాబు ముందే రాసుకుని, కింద సంతకం అడుగుతున్నాడు.

ఆ షెడ్డులో ఏముండేది

ఇక్కడ మసీదును పళ్ళివాసల్ అంటారు. ఆ వీధిని రికార్డులో ఏ పేరుతో రాసినా, ఆటోవాళ్ళకు అది పళ్ళివాసల్ వీధే. వీధిలో ముస్లింల ఇళ్ళు పది కంటే ఎక్కువ ఉండవు. మిగిలినవాళ్ళు తమిళ హిందువులు, నాలుగైదు తెలుగు కుటుంబాలు.

సాయంత్రం నమాజు అయ్యే వేళకు ఆ గుమ్మం ముందు తల్లులు బిడ్డలను ఎత్తుకుని నిలబడతారు. బొట్టు పెట్టుకున్న తల్లులే ఎక్కువ. నమాజు ముగించి బయటికి వచ్చేవాళ్ళు ఒక్కొక్క బిడ్డ ముఖం మీద మెల్లగా ఊది వెళతారు. దడుపు జ్వరం పోతుందని నమ్మకం. పోతుందో పోదో నాకు తెలియదు కానీ, మా పెద్దవాణ్ణి నేనూ ఒకసారి తీసుకెళ్ళాను. రంజాన్ నెలలో నోన్బు గంజి కాస్తారు. ఉపవాసం ఉన్నవాళ్ళకు పోసే గంజి అది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ టిఫిన్ క్యారియరు వెళుతుంది, ఖాళీగా వచ్చింది ఎన్నడూ లేదు.

ఇక ఆ షెడ్డు. అందులో ఒక స్ట్రెచరు, రెండు చక్రాల కుర్చీలు, శవాన్ని చెడకుండా ఉంచే ఒక గాజు మూత ఫ్రీజరు పెట్టె ఉండేవి. ఎవరింట్లో మరణం జరిగినా, ఏ మతం అని అడగకుండా పంపేవారు.

ఒక మాట నింపాదిగా వినండి. ముస్లింలు చనిపోయినవాళ్ళను వీలైనంత త్వరగా, చాలావరకు ఆ రోజే ఖననం చేస్తారు. వాళ్ళకు ఆ పెట్టెతో పని లేదు. గల్ఫ్‌లో పనిచేసే ఆ వీధి మనిషి ఒకడు కొనిచ్చిన ఆ పెట్టె పూర్తిగా మన కోసం. అంటే హిందువుల కోసం, క్రైస్తవుల కోసం, దూరం నుంచి రావలసిన బంధువులున్న ప్రతి ఇంటి కోసం. మా అత్తగారు పోయినప్పుడు యానాం నుంచి మా ఆడపడుచులు వచ్చేదాకా ఆమెను ఆ పెట్టెలోనే ఉంచాం. మసీదు జమాత్ అధ్యక్షుడు కరీం గారు తనే వచ్చి, ప్లగ్గు సరిగా ఉందో లేదో చూసి వెళ్ళారు. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. అప్పటికి మేమెవరమో ఆయనకు తెలియదు.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఆ షెడ్డు కొలవడానికి వెళ్ళాను. వెళ్ళడం తప్పు కాదు, అది నా పని. కొలిచిన తీరు తప్పు.

ముప్పావు గంట

మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాం. నాతో చైన్‌మాన్ ఆరుముగం ఉన్నాడు. గొలుసూ టేపూ పట్టే ఉద్యోగం అతనిది, నాకంటే సీనియరు. సంఘం కార్యదర్శి అప్పటికే ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అతని వెనక ఆ వీధివాళ్ళు కాని పదిమంది ఉన్నారు. మురుగుకాలవ అంచున ఉన్న హద్దు రాయిని అతనే చూపించాడు. "ఇదిగో మేడమ్, గవర్నమెంటు రాయి."

ఆరుముగం నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు, "అమ్మా, వీధి చివర ఉన్న రెండో రాయిని కూడా పట్టుకుని సరిచూసుకుందాం. ఈ ఒక్కదాన్నీ నమ్మి వేయొద్దు."

"టైము లేదు ఆరుముగం. సాయంత్రానికి ఇవ్వాలి."

కరీం గారు మసీదు గుమ్మం దిగి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరులో పట్టా, పాత స్కెచ్ ఉన్నాయి. ఆయన తమిళంలో అన్నారు, "అమ్మా, ఒక్కసారి ఇది చూడండి. ఇందులో కొలతలున్నాయి."

ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంటే వీడియోలో ఎలా కనిపిస్తానో అని భయపడ్డాను. అంతే, వేరే కారణం లేదు. "ఆఫీసుకు తెచ్చి చూపించండి" అన్నాను.

ఆ రాయి నుంచి కొలిస్తే, షెడ్డు అరవై సెంటీమీటర్లు రోడ్డులో ఉన్నట్టు వచ్చింది. ఎదురు వరస కూడా కొలవనా అని అధికారికి ఫోను చేశాను. "ఫిర్యాదు ఒక వైపే కదా, ఒక వైపే కొలవండి" అన్నారు. ముప్పావు గంటలో అయిపోయింది. సాయంత్రం స్కెచ్ గీసి, ఎర్ర సిరాతో ఆ అరవై సెంటీమీటర్లు నింపి, సంతకం పెట్టాను.

మరునాటి ఉదయానికి ఆ స్కెచ్ ఊరంతా తిరుగుతోంది. ఆఫీసు నుంచి ఎవరు ఇచ్చారో ఈనాటికీ తేలలేదు. దాని కింద 'ప్రభుత్వమే ఒప్పుకుంది, మసీదు రోడ్డును మింగింది' అని రాశారు. మధ్యాహ్నానికి అరవై సెంటీమీటర్లు ఆరు మీటర్లయ్యాయి. సాయంత్రానికి ఫ్రీజరు పెట్టె ఫోటో వచ్చింది. 'ఇందులో ఏ మాంసం దాస్తున్నారో అడగండి' అని దాని కింద. శవాల పెట్టె అది! ఆ రాసినవాడి ఇంట్లో ఎవరూ చనిపోలేదా, చనిపోరా?

ఏడు రోజుల గడువుతో నోటీసు ఇచ్చారు. పడగొట్టే యంత్రం మూడో రోజే వచ్చింది. శుక్రవారం పొద్దున్న, నమాజుకు జనం చేరక ముందే వచ్చి పడగొట్టారు. నా స్కెచ్ ప్రకారమే అయినా కొట్టవలసింది అరవై సెంటీమీటర్లు. షెడ్డంతా పడగొట్టారు. సామాను తీసుకోవడానికి అరగంట ఇమ్మని కరీం గారు అడుగుతుండగానే ఇనుప దూలం పెట్టె మీద పడింది. గాజు మూత పగిలింది, పెట్టె అడుగున ఉన్న మోటారు నలిగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను అక్కడ లేను. వీడియోలో విన్నాను ఆ చప్పట్లు.

సూర్యనారాయణ మాస్టారు

అదే వీధిలో సూర్యనారాయణ మాస్టారు అని మా యానాం మనిషి ఉండేవారు. బడిపంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భార్య ముందే పోయింది. ఒక్కతే కూతురు, మాధవి. యానాంలో నర్సుగా పని చేస్తుంది.

షెడ్డు పడిన ఐదో రోజు తెల్లవారి మాస్టారు నిద్రలోనే పోయారు. మే నెల కత్తిరి ఎండలు మండిపోతున్న రోజులు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి పక్కింటి రాజమ్మక్క వాకిట్లో నిలబడి అందరికీ ఫోన్లు చేస్తోంది. ఆమెది వెదురు బుట్టలూ చేటలూ అమ్మే అంగడి. మూడు తరాలుగా ఆ వీధిలోనే ఉన్న తెలుగు కుటుంబం.

మాధవి బయలుదేరింది. కానీ చేరేసరికి మరునాడు ఉదయం అవుతుంది. ఊళ్ళో అద్దెకిచ్చే పెట్టెలు అడిగాం. ఒకటి వేరే ఇంట్లో ఉంది, ఇంకొకటి చెడిపోయింది, మూడోవాడు మధ్యాహ్నానికి పంపిస్తానని చివరికి ఫోను ఎత్తడం మానేశాడు. ఇంట్లో పోయిన మనిషిని మార్చురీలో పెట్టాలంటే దానికి వేరే తతంగం ఉంది. కరీం గారు పొరుగూరి మసీదులకు ఫోన్లు చేశారు. ఐసు దిమ్మెలు తెప్పించారు. జమాత్ మనుషులే మోసుకొచ్చి చుట్టూ పేర్చారు. ఆ ఎండకు ఐసు ఎంతసేపు నిలుస్తుంది?

సాయంత్రం నాలుగింటికి పెద్దలు ఇక లాభం లేదన్నారు. మాధవికి ఫోనులో చెప్పినది రాజమ్మక్క. నేను పక్కనే ఉన్నాను.

"తల్లీ, ఇంక పెట్టుకోలేము. నాయన పాడైపోతా ఉండాడు. ఏం చేసేది చెప్పు."

అవతలి నుంచి, "సరే అక్కా, కానివ్వండి" అని వినిపించింది. అప్పటికి ఆమె ఇంకా విజయవాడ కూడా దాటలేదు.

మరునాడు ఉదయం ఆమె ఆటో దిగేసరికి ఇల్లు కడిగేసి ఉంది. లోపలికి వెళ్ళి మంచం చూసి, బయటికి వచ్చి, "పెట్టె ఉండేది కదా ఇక్కడ? అమ్మ పోయినప్పుడు ఉంది కదా?" అని అడిగింది. నా వైపు ఎవరూ చూడలేదు. నేనే ఎర్ర సిరా గీత గీసినదాన్నని ఆమెకు తెలియదు.

రాజమ్మక్కకు తెలుసు. నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.

"నువ్వు చదువుకున్నదానివి గదా, ఆ రాయిని నమ్మి ఎట్లా కొలిస్తివి? కాలవ కట్టేటప్పుడు కాంట్రాక్టరు దాన్ని పీకి పారేసినాడు. పని అయినంక ఆడోళ్ళు దాని మీద గుడ్డలు ఉతుక్కుంటా ఉండిరి. ఆ మీదట ఎవురో దాన్ని తీసి ఈడ నాటినారు."

"అసలు ఎక్కడ ఉండేది అక్కా?"

"యాడనో కాదు, అదో, ఆ కరెంటు స్తంభం పక్కన. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని గదా. నేను ఈడనే బుట్టలు పెట్టుకోని కూసోనుంటినే!"

ఆదివారం కొలత

ఆదివారం ఉదయం ఆరుముగాన్ని బతిమాలి తీసుకెళ్ళాను. అతను ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. మొదట వీధి చివర, మూడు హద్దులు కలిసే చోట పాతిన పెద్ద రాయి నుంచి మొదలుపెట్టాం. దాన్ని ఎవరూ కదపలేదు, సగం గోడలో కూరుకుపోయి ఉంది. అక్కడి నుంచి పాత కొలతల పుస్తకం ప్రకారం వస్తే, సరిగ్గా రాజమ్మక్క చూపించిన చోటికే వచ్చాం. స్తంభం పక్కన తవ్వాం. మోకాలి లోతులో బొగ్గు ఉంది.

గుంట పక్కన కూలబడ్డాను. అరచేతిలో ఆ నల్ల ముక్కలు పట్టుకుని ఏడ్చాను. ఆరుముగం ఎటో చూస్తూ నిలబడ్డాడు.

రాయి తొంభై సెంటీమీటర్లు మసీదు వైపు జరిగింది. అంటే షెడ్డు రోడ్డులో లేదు. పట్టా భూమిలో, హద్దుకు ముప్పై సెంటీమీటర్లు లోపలే ఉంది. ఎదురు వరస కూడా కొలిచాను. అటువైపు నాలుగిళ్ళ ర్యాంపులు రోడ్డు మీద ఉన్నాయి. అన్నిటికంటే ముందుకు వచ్చినది సంఘం కార్యదర్శి కారు ఎక్కించుకునే ర్యాంపు.

సోమవారం కొత్త స్కెచ్, తప్పు నాదేనని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం అధికారి ముందు పెట్టాను. ఆయన చదివి తలుపు వేయించారు.

"మీకేమైనా పిచ్చా? మీ సంతకాన్ని మీరే కొట్టేసుకుంటే రేపటి నుంచి శాఖను ఎవరు నమ్ముతారు?"

"తప్పు సంతకాన్ని నమ్మడం కంటే నమ్మకపోవడమే మేలు కదా సార్."

"షెడ్డు పోయింది. అయిపోయింది. ఇప్పుడు దీన్ని కెలికితే ఊళ్ళో గొడవలు రేగుతాయి. శాంతి భద్రతల సంగతి ఆలోచించండి."

ఈ మాట మీరూ వింటారు. అబద్ధం ఊరంతా తిరుగుతున్నప్పుడు శాంతి భద్రతలు ఎవరికీ గుర్తు రావు. నిజం ఒక కాగితం మీద బయటికి రాబోతుంటేనే గుర్తొస్తాయి.

ఉత్తరం వెనక్కి తీసుకోనన్నాను. అనుమతి లేకుండా సెలవు రోజున కొలిచినందుకు నాకు మెమో వచ్చింది. పట్టణం పని నుంచి తప్పించి కిరుమాంబాక్కం వైపు పొలాల పనికి వేశారు. నేను మెమోకు జవాబు రాసి, ఆ జవాబుకు కొత్త స్కెచ్ జతచేశాను. మెమో జవాబును ఫైలులోంచి తీసేయడం ఎవరివల్లా కాదు. ఆఫీసులో నేను వేసిన ఒకే ఒక తెలివైన ఎత్తు అది. ఒక ప్రతి కరీం గారికి ఇచ్చాను. జమాత్ వాళ్ళు దానితో పై అధికారులకు అర్జీ పెట్టారు. ఏడాది తిరిగాక, రెండు పక్షాల ఎదుట జరిపే ఉమ్మడి సర్వేకు ఉత్తర్వు వచ్చింది.

అందరి ముందూ

ఆ సర్వే రోజు వీధంతా అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన పై అధికారిణి వయసులో నాకంటే చాలా చిన్న. కుర్చీ వద్దని, కొలత పూర్తయ్యేదాకా ఎండలోనే నిలబడింది. అంగుళం తేడా లేకుండా నా ఆదివారం కొలతే వచ్చింది. "మొదటి స్కెచ్ ఎవరిది?" అని అడిగింది.

"నాది మేడమ్. ఒక్క రాయి నుంచి కొలిచాను. రెండో రాయి చూడలేదు. వీధిలో ఎవరినీ అడగలేదు. తప్పు నాదే."

గుంపులో ఒకరిద్దరు చిన్నగా మాట్లాడుకున్నారు. కరీం గారు ముందుకు వచ్చారు. ఆయన నన్ను క్షమిస్తారని, "పరవాలేదమ్మా" అంటారని నేను లోలోపల ఆశపడ్డానేమో. ఆయన అలా అనలేదు.

"అమ్మా, ఒప్పుకున్నారు, సంతోషం. చాలామంది ఒప్పుకోరు. కానీ మీరు కొలిచిన రోజు నేను పట్టా చేతిలో పట్టుకుని మీకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ముప్పై ఐదేళ్ళు ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నా చేతిలో కాగితం మీరెందుకు చూడలేదు?"

గొంతు పెంచలేదు.

ఫోన్లకు భయపడ్డానని అందరిలో చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను. అయ్యా కరీం గారూ, మీ కాగితంలో తప్పుంటుందని కాదు. మీ చేతిలోంచి కాగితం తీసుకున్నదానిగా కనిపించడానికి భయపడ్డాను. నా ఉద్యోగంలో అంతకంటే సిగ్గుపడే క్షణం ఇంకొకటి లేదు.

మసీదు స్థలం మసీదుదేనని ఉత్తర్వు వచ్చింది. షెడ్డు మళ్ళీ కట్టుకున్నారు. గల్ఫ్ మనిషి మళ్ళీ ఒక పెట్టె పంపాడు, రాజమ్మక్క వీధిలో ఇల్లిల్లూ తిరిగి రెండో పెట్టె కొనిపించింది. కార్యదర్శి ర్యాంపుకు నోటీసు ఇచ్చారు. ర్యాంపు ఇంకా అక్కడే ఉంది. మొన్న కూడా చూసి వచ్చాను. మాధవికి ఉత్తరం రాశాను, అంతా రాశాను. జవాబు రాలేదు. రావాలని అనుకునే హక్కు నాకు లేదు.

మీరు తెలుసుకోవలసింది

అమ్మాయిలూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. వీధికి రెండు వైపులుంటాయి, రెండూ కొలవండి. ఫిర్యాదు చేసినవాడు చూపించిన రాయి మీద టేపు పెట్టకండి. ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడితే, ముందు ఆ కాగితం చదవండి. అది గుడి పూజారి చేతిలో ఉన్నా, మసీదు పెద్ద చేతిలో ఉన్నా, కల్లు అంగడివాడి చేతిలో ఉన్నా చదవండి. పైనుంచి ఫోను వస్తే, ఎవరు చేశారో పేరు రాసివ్వమని అడగండి. ఎవరూ రాసివ్వరు. అప్పుడు మీకు కావలసినంత టైము దొరుకుతుంది.

ఇంకొకటి. సరిచేస్తే అయిపోతుందని అనుకోకండి. మొదటి స్కెచ్ ఒక్క రోజులో ఊరు చుట్టింది. రెండోదాన్ని ఒక్కరంటే ఒక్కరు కూడా పంచలేదు. ఏ ఎన్నికలొచ్చినా ఆ పాత వీడియో మళ్ళీ బయటికి వస్తుంది. చప్పట్లతో సహా.

పోయిన నెల నెల్లితోపు మార్కెట్లో కూరలు కొంటున్నాను. మా పాత ఆఫీసులోనే వేరే విభాగంలో పనిచేసిన ఒకాయన కలిశాడు. క్షేమ సమాచారాలు అయ్యాక, "చూశారా మేడమ్, వీళ్ళు ఎంతకు తెగించారో" అంటూ ఫోను నా ముఖం ముందు పెట్టాడు. నా ఎర్ర సిరా గీత. దాని కింద నా సంతకం.

"ఈ సంతకం ఎవరిదో తెలుసా?" అన్నాను.

"ఎవరో సర్వేయరుది."

"నాదే. ఆ కొలత తప్పు. తర్వాత సరైన కొలత వచ్చింది, ఉత్తర్వు కూడా వచ్చింది. మీరు ఇది ఎంతమందికి పంపారు?"

ఆయన తడబడ్డాడు. "మా గ్రూపులో వచ్చింది, నేను కూడా నాలుగు గ్రూపుల్లో వేశాను. అయినా మేడమ్, ఏమీ లేకుండానే ఇంతమంది అంటారా?"

"అంటారు. నేను తప్పు గీశాను కాబట్టి అంటున్నారు. ఆ నాలుగు గ్రూపుల్లోనూ ఇప్పుడే రాయండి. ఇది తప్పు, గీసినావిడే చెప్పింది అని. నేను చూస్తుంటాను."

"ఇంటికెళ్ళి రాస్తాను మేడమ్, బస్సు వచ్చేసింది" అని ఆయన గబగబా నడిచి టౌను బస్సు ఎక్కేశాడు.

ఆ బస్సు మా ఇంటివైపు వెళ్ళదు. అయినా ఎక్కి, వెళ్ళి ఆయన పక్క సీట్లోనే కూర్చున్నాను.